పుల్లల వంతెన

పిల్లలూ, పుంగనూరు ఆవును చూశారా? అది పొట్టి జాతి. మేత కొంచెమే మేస్తుంది, కాని చిక్కటి పాలిస్తుంది. దాని గొప్పతనం ఒడ్డూ పొడుగులో లేదు. తిన్నదానికి ఎంత ఇచ్చిందనే లెక్కలో ఉంది. వంతెన గొప్పతనం కూడా ఇటువంటిదే.

పుంగనూరుకు ఒకవైపు మదనపల్లె, మరోవైపు కుప్పం ఉన్నాయి. మదనపల్లె దగ్గర అంగళ్ళులో 1998లోను, కుప్పంలో 2001లోను ఇంజనీరింగ్ కాలేజీలు వెలిశాయి. ఇళ్ళూ, రోడ్లూ, ఆనకట్టలూ, వంతెనలూ కట్టే విద్యను సివిల్ ఇంజనీరింగ్ అంటారు. ఈ విద్య నేర్చేవారు పలు కాలేజీల నుంచి ఒకచోట చేరి పోటీలు పడుతూ ఉంటారు. అటువంటి పోటీలలో చూడముచ్చటైనది పుల్లల వంతెన.

దీనికి ఐస్‌క్రీం పుల్లలూ, జిగురూ చాలు. కట్టిన వంతెనను రెండు బల్లల మధ్య నిలిపి, నడుమ బకెట్టు వేలాడదీసి, అందులో కొంచెం కొంచెంగా ఇసుక పోస్తారు. వంతెన ఫట్‌మని విరిగేదాకా పోస్తూనే ఉంటారు!

ఇప్పుడొక లెక్క. మొదటి వంతెన బరువు 500 గ్రాములు. అది 30 కిలోలు మోసింది. రెండవది 200 గ్రాములు. అది 20 కిలోలు మోసింది. బహుమతి దేనికి? తొందరపడకండి! మొదటిది తన బరువుకు 60 రెట్లు మోస్తే, రెండవది 100 రెట్లు మోసింది. ఇటువంటి పోటీలలో సాధారణంగా రెండవదే గెలుస్తుంది. ఎందుకంటే, ఏ వంతెన అయినా ముందు తన బరువు తాను మోసుకోవాలి. ఆపైన మిగిలిన సత్తువే మనకు ఉపయోగం.

తేలికగా ఉంటూనే గట్టిగా ఉండే కిటుకు ఏమిటి? నాలుగు అట్టముక్కలను మూలల దగ్గర గుండుసూదులతో గుచ్చి చతురస్రం చేయండి. పక్కకు నెడితే ఒరిగిపోతుంది. మూడు ముక్కలతో త్రిభుజం చేయండి. ఎంత నెట్టినా ఒరగదు! రైలు వంతెనల మీద త్రిభుజాలు వరుసగా కనిపించేది అందుకే.

వంతెన తన బరువును మరిచిపోతే ఏమవుతుందో కెనడా దేశంలో తెలిసివచ్చింది. అక్కడ క్విబెక్ దగ్గర సెయింట్ లారెన్స్ నది మీద పెద్ద ఉక్కు వంతెన కడుతున్నారు. దాని నడిమి భాగం పొడవును పెంచారు. కాని పెరిగిన బరువును సరిగా లెక్క కట్టలేదు. కొన్ని ఉక్కు కమ్ములు వంగుతున్నట్టు ముందే కనిపించింది. అయినా పని ఆగలేదు. 1907 ఆగస్టు 29న వంతెన కుప్పకూలి 75 మంది పనివాళ్ళు చనిపోయారు.

హంద్రీ-నీవా కాలువ శాఖ ఒకటి పుంగనూరు వైపు నుంచి కుప్పం దాకా సాగుతుంది. అటువంటి కాలువలు దాటాలంటే ఎన్ని వంతెనలు కావాలి! వాటిమీద బడి బస్సులు వెళ్ళాలి, పంట బళ్ళు వెళ్ళాలి. రేపు అవి కట్టేవారు ఇవాళ పుల్లలు విరవడమే మంచిది కదూ?

మీరూ ఒక వంతెన కట్టి చూడండి. విరిగిందని పారేయవద్దు. మొదట ఏ పుల్ల వంగిందో గుర్తు పెట్టుకుని, మళ్ళీ కట్టండి. పెద్ద ఇంజనీర్లు నేర్చుకునేదీ అలాగే.