బాలింత మనసు అడిగేవారేరీ?

బాలింతకి చేసే సేవల్లో మన ఇళ్లల్లో లోటేమీ ఉండదు. తలకి గుడ్డ కడతాం, చెవుల్లో దూది పెడతాం, కాయం తినిపిస్తాం, పథ్యం వండుతాం, సాంబ్రాణి పొగ వేస్తాం. ఒంటికి ఇంత జాగ్రత్త తీసుకునేవాళ్లం, ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంటే మాత్రం "పచ్చి బాలింతవి, ఏడవకూడదు" అని కసురుతాం. ఎందుకేడుస్తోందో అడగం.

కాన్పయిన మొదటి వారంలో ఊరికే ఏడుపు రావడం, చిరాకు చాలామందికి ఉండేవే. రెండు వారాల్లో అవే సర్దుకుంటాయి. ఆ తర్వాత కూడా దిగులు వదలకపోయినా, బిడ్డ పడుకున్నా తనకి నిద్రపట్టకపోయినా, బిడ్డని ఎత్తుకోబుద్ధి కాకపోయినా, 'నేను తల్లిగా పనికిరాను' అనిపిస్తున్నా అది డిప్రెషన్ కావచ్చు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశోధన 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. దాని లెక్క ప్రకారం కాన్పయిన తల్లుల్లో 22 శాతం మందికి ఈ బాధ ఉంది. అంటే అయిదుగురిలో ఒకరికి!

ఎవరికి వస్తుంది? "గారాబంగా పెరిగింది, ఓర్చుకోలేదు" అనేస్తాం మనం. పరిశోధనలు చెప్పేది వేరు. 2002లో గోవా తల్లుల మీద వచ్చిన అధ్యయనంలో పేదరికం, భర్తతో సఖ్యత లేకపోవడం ముఖ్య కారణాలుగా తేలాయి. దెబ్బలు, ఆకలి చూపించే ప్రభావం కూడా పుట్టింది ఆడో మగో అన్నదాన్నిబట్టి మారింది. అదే ఏడాది తమిళనాడులో వెల్లూరు దగ్గరి పల్లెల్లో చేసిన అధ్యయనం ఇంకొన్ని కారణాలు చూపించింది. కొడుకు కావాలనుకుంటే కూతురు పుట్టడం, కడుపుతో ఉండగా వచ్చిపడిన కష్టాలు, పనిలో సాయం లేకపోవడం, అత్తగారితో పొరపొచ్చాలు, కన్నవాళ్లతో కూడా పొరపొచ్చాలు.

ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. పురిటికి పుట్టింటికి తీసుకొచ్చేశాం కదా, ఇక దానికేం దిగులు అనుకుంటాం. పురిటి ఖర్చు గురించి పక్కగదిలో గొణుక్కోవడం, "మళ్లీ ఆడపిల్లేనా" అన్న నిట్టూర్పు ఆ మంచం దాకా వినిపించవా?

ఇంకో పెద్ద కారణం, ఇదివరకు ఎప్పుడైనా మానసికమైన జబ్బు వచ్చి ఉండటం. సంబంధం చెడిపోతుందని ఆ సంగతి పెళ్లికి ముందే దాచేస్తాం. ఆఖరికి కాన్పు చేసే డాక్టరుకి కూడా చెప్పం. కొందరు కడుపుతో ఉన్నామని తెలియగానే మందులు సొంతంగా మానేస్తారు. ఆ సంగతి డాక్టరుకి ముందే తెలిస్తే కాన్పయ్యాక ఓ కన్నేసి ఉంచుతారు.

చూడండి, వీటిలో చాలావరకు కాన్పుకి ముందే మన కళ్లెదుట ఉండేవే. ఏ ఒక్కటీ ఆ పిల్ల చేసిన తప్పు కాదు. మరి ఎందుకు పట్టుకోలేకపోతున్నాం? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి 96 కాన్పులకి పైగా ఆస్పత్రుల్లోనే జరిగాయి. ఇంటికొచ్చాక 42వ రోజు లోపల ఆశా కార్యకర్త ఆరుసార్లు వచ్చి చూసే ఏర్పాటూ ఉంది. ఆరుసార్లూ బిడ్డ బరువు, పాలు, జ్వరం అడిగితే సరిపోతుందా? తల్లి మనసు గురించి నాలుగు ప్రశ్నలు వేస్తే పోయేదేముంది? ఈ దిగులుని కనిపెట్టడానికి పది ప్రశ్నల ఎడిన్‌బరో పట్టిక 1987 నుంచే ఉంది. పైగా ఈ జబ్బు 42 రోజులతో తీరేదీ కాదు. మూడో నెలలోనో అయిదో నెలలోనో చంటిపిల్లతో అత్తారింటికి వెళ్లాక వంటా, బట్టలూ, రాత్రి మేలుకోవడమూ అన్నీ ఒక్కసారి మీదపడతాయి. ఉద్యోగమున్నవాళ్లకి సెలవు అయిపోయే రోజు కూడా దగ్గరపడుతుంది. అడిగేవాళ్లు మాత్రం అప్పటికి ఎవరూ ఉండరు.

అందుకని అడగడం మన ఇళ్లల్లోనే మొదలుపెట్టాలి. అమ్మయినా, అత్తగారయినా, ఆడపడుచయినా "పాప ఎలా ఉంది?" కంటే ముందు "నువ్వెలా ఉన్నావమ్మా?" అని అడగాలి. భర్త ఒక రాత్రయినా బిడ్డని చూసుకుని ఆవిడని నిద్రపోనివ్వాలి. అయినా దిగులు తగ్గకపోతే మానసిక వైద్యులకి చూపించాలి. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులున్నాయి, మాటలతో చేసే చికిత్సా ఉంది. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు. చనిపోవాలనిపిస్తోందన్నా, బిడ్డని ఏమైనా చేసేస్తానేమోనని భయపడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా గాలి సోకిందని తాయెత్తులు కడుతూ కూర్చోకండి. ఆవిడని ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పథ్యం తప్పితే ఇల్లంతా కంగారుపడతామే, తిండి ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్న పిల్లని చూసినప్పుడు కూడా అంతే కంగారుపడాలి.