తోలుకు పదును, చేతికి పదును

తెలుగులో పదును అనే మాటకు అర్థవిస్తృతి ఎక్కువ. వాన వెలిసిన తరువాత దుక్కికి అనువైన తేమ నేలకు పదును. అంచున ఉండే వాడి కత్తికి పదును. పచ్చితోలు కుళ్ళకుండా, ఎండి బిరుసెక్కకుండా, వాడుకకు అనువుగా మారేటట్లు చేయడాన్ని కూడా తోలును పదును చేయడమనే అంటారు. నేలనూ, ఇనుమునూ, తోలునూ ఒకే మాటతో కొలిచిన శ్రమజీవులకు ఒక రహస్యం తెలుసు. ఏ వస్తువైనా తగిన స్థితికి వచ్చినప్పుడే పనికి లొంగుతుంది. ఈ నియమం పనిముట్టుకు వర్తిస్తుంది. దానిని పట్టిన చేతికి మరింతగా వర్తిస్తుంది.

చదువుకున్న యువతీయువకులలో కొందరు నేడు తోలుపనిని అభిరుచిగా నేర్చుకుంటున్నారు. తాళపుచెవుల తిత్తి, డబ్బుసంచి, నడుముపట్టీ, పుస్తకానికి అట్ట మొదలైన వస్తువులను తమ చేతులతో తయారుచేసుకొని సంతోషిస్తున్నారు. పుస్తకానికీ తెరకూ పరిమితమైన కన్నులకు, కదలిక మరచిన వేళ్ళకు ఇది మంచి వ్యాయామం. అయితే ఈ విద్యలో అడుగుపెట్టిన ప్రతివారికీ మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. ఏ పనిముట్లు కొనాలి? పైకి ఇది అంగడికి సంబంధించిన ప్రశ్నగానే కనిపిస్తుంది. నిజానికి శ్రమ పట్ల నేర్చుకొనేవారి దృష్టి ఎటువంటిదో ఇక్కడే తేలిపోతుంది. పనిముట్లు కొద్దిగా ఉండాలి, చేయబోయే పనిని బట్టి ఉండాలి, ఎల్లప్పుడూ పదునుగా ఉండాలి. అంతకన్నా ముఖ్యంగా, ఆ పనిముట్లను తరతరాలుగా పట్టిన చేతుల పట్ల గౌరవం ఉండాలి. ఈ గౌరవం లేనినాడు తక్కినవన్నీ ఉన్నా ఆ విద్య అసంపూర్ణమే.

తోలుపని మన నేలకు కొత్తది కాదు. విద్యుత్ పంపులు రాకముందు మోటబావుల నుండి పొలాలకు నీరు పారించిన తోలు తొండాలు, రైతు కాలి చెప్పులు, ఊరి పండుగనాడు మోగే డప్పు చర్మకారుల శ్రమఫలాలే. తంగేడు చెక్కను దంచి, లందలో నీటితో కలిపి, అందులో తోళ్ళను రోజుల తరబడి నానబెట్టి పదును చేసిన జ్ఞానం ఏ బడిలోనూ నేర్పినది కాదు. తోలును కోయడానికి, పలుచన చేయడానికి రంపె. తూటు పొడవడానికి ఆరె. ఈ రెండు పనిముట్లతోనే ఎన్నో తరాలు ఊరి అవసరాలు తీర్చాయి. అయితే ఆ వస్తువులను వాడుకున్న సమాజం వాటిని చేసినవారిని ఊరి చివరకు నెట్టింది. చెప్పు కాలికి కావలసి వచ్చింది. దానిని కుట్టిన చేయి మాత్రం తాకరానిదైంది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం పదిహేడవ అధికరణం ద్వారా అస్పృశ్యతను రద్దు చేసింది. చట్టం మారినంత త్వరగా మనసులు మారలేదు.

ఏ విద్యా పుట్టుకకు కట్టుబడి ఉండదని నిరూపించినవారూ మనలో ఉన్నారు. అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో ఒక రైతు కుటుంబంలో జన్మించిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ చర్మశాస్త్రాన్ని తన జీవితరంగంగా ఎన్నుకొన్నారు. 1948లో మద్రాసులో నెలకొన్న కేంద్ర చర్మ పరిశోధనా సంస్థకు 1958 నుండి 1971 వరకు సంచాలకులుగా ఉండి దానికి అంతర్జాతీయ ఖ్యాతిని సంపాదించిపెట్టారు. తోలు ఒక కులానికి అంటగట్టిన మైల కాదనీ, అది రసాయనశాస్త్రానికీ, దేశ ఆర్థిక ప్రగతికీ సంబంధించిన విషయమనీ ఆయన జీవితమే చాటుతుంది.

ఇక పనిముట్ల విషయానికి వస్తే, కొత్తగా నేర్చుకొనేవారిలో చాలామంది చేసే పొరపాటు ఒకటే. ముప్పై నలభై సాధనాలు పేర్చిన పెట్టెను ఒకేసారి కొనివేస్తారు. పువ్వుల అచ్చులు, ఆకుల అచ్చులు, పేరు తెలియని ఉలులు అందులో మెరుస్తూ ఉంటాయి. కొద్దిరోజులకు వాటిలో నాలుగైదే చేతికి అలవాటవుతాయి, తక్కినవి తుప్పుపడతాయి. పెట్టె తక్కువ వెలకే రావాలంటే అందులోని కత్తి ఇనుమైనా నాసిరకం కావాలి, ఉలి పళ్ళైనా మొద్దుగా ఉండాలి. విద్య మీద ఉత్సాహం తగ్గడానికి చాలాసార్లు కారణం చేతకానితనం కాదు, ఈ మొద్దు పనిముట్లే.

కనుక ముందు తోలును తెలుసుకోవాలి; తరువాతనే పనిముట్టును ఎన్నుకోవాలి. చెట్ల బెరడులతో, కాయలతో పదును చేసిన తోలు ఒక రకం. క్రోమియం లవణాలతో శుద్ధి చేసినది మరొక రకం. మొదటిది కాస్త బిరుసుగా ఉంటుంది. తడిపి అచ్చు నొక్కితే ఆ గుర్తును నిలుపుకొంటుంది. అంచులు రుద్దితే నునుపెక్కి మెరుస్తాయి. రెండవది మెత్తగా, సాగుడుగుణంతో ఉంటుంది. దాని మీద అచ్చు సరిగా నిలవదు. ఈ భేదం తెలియనివారు అచ్చులన్నీ కొని, మెత్తని తోలు మీద వాటిని ప్రయోగించి, లోపం తమ చేతిదని కుంగిపోతారు. అలాగే ఒకే జంతువు తోలులో వెన్నుభాగం గట్టిగా, సమంగా ఉంటుంది. పొట్టభాగం వదులుగా ఉండి సాగిపోతుంది. నడుముపట్టీకి వెన్నువెంట కోసిన తోలే తగినది. దానికి మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం కావాలి. డబ్బుసంచికి ఒక మిల్లీమీటరు, లేదా అంతకు కొద్దిగా ఎక్కువ మందం చాలు. పట్టీకి కావలసిన కత్తిబలం వేరు, సంచికి కావలసిన నాజూకు వేరు.

తొలి ప్రయత్నంగా తాళపుచెవుల తిత్తిని తీసుకొంటే దానికి కావలసిన సాధనాలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఒక మంచి కత్తి, ఉక్కు కొలబద్ద, కోతకు అడుగున పెట్టుకొనే పలక, అంచుకు సమదూరంలో గీత గీయడానికి వృత్తలేఖిని వంటి విభాజిని, తూట్లు వరుసగా గుర్తించే పళ్ళ ఉలి, కొయ్యసుత్తి, ఆరె, మొనలేని రెండు సూదులు, మైనం పట్టించిన దారం. ఇంతకు మించి అవసరం లేదు. ఇనుప సుత్తితో ఉలి తల మీద కొడితే ఉలి పాడవుతుంది. కొయ్యసుత్తి ఆ దెబ్బను తాను భరిస్తుంది. తూటు ముందే పడి ఉంటుంది కనుక సూదికి మొన అక్కరలేదు. మొన ఉంటే అది పక్క దారాన్ని చీల్చుతుంది.

ఈ రెండు సూదుల కుట్టులో ఒక విశేషం ఉంది. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులుంటాయి. ప్రతి తూటులోనూ దారం ఇటునుండి అటు, అటునుండి ఇటు సాగుతుంది. కుట్టుయంత్రం వేసే కుట్టులో పైదారం, కిందిదారం ఒకదానినొకటి పట్టుకొని నిలుస్తాయి. ఒకచోట తెగితే ఆ కుట్టు క్రమంగా ఊడిపోయే ప్రమాదం ఉంది. చేతికుట్టులో ఒకచోట దారం తెగినా తక్కిన కుట్లు తమ పట్టు విడువవు. అందుకే గుర్రపుజీనుల వంటి బరువు మోసే వస్తువులకు ఈ కుట్టునే నమ్ముకొన్నారు. యంత్రం వేగాన్ని ఇస్తుంది. ఈ కుట్టు ఓర్పును అడిగి మన్నికను ఇస్తుంది.

మంచి పనిముట్టు ఉంటే సగం పని అయినట్లేనని కొందరంటారు. చేయి తిరిగినవాడికి ఏ పనిముట్టైనా ఒకటేనని మరికొందరంటారు. ఆడలేక మద్దెల ఓడు అనే సామెతను ఈ రెండవవారు ఉదాహరిస్తారు. రెండు వాదాలలోనూ కొంత సత్యం ఉంది. కత్తి విషయంలో పొదుపు పనికిరాదు. నాసిరకం ఉక్కు పదును నిలుపుకోదు. మొద్దుకత్తిని బలంగా నొక్కవలసి వస్తుంది. బలంగా నొక్కిన కత్తి జారుతుంది. జారిన కత్తి చేతినే కోస్తుంది. పదునైన కత్తి కన్నా మొద్దుకత్తే ప్రమాదకరమనే మాట ఇందుకే పుట్టింది. అంచులు రుద్దడానికి మాత్రం నున్నని కొయ్యముక్క చాలు. దానికోసం వందల రూపాయలు వెచ్చించడం ఆడంబరమే అవుతుంది.

ఎంత మంచి కత్తికైనా కొన్ననాటి పదును కొన్నాళ్ళే. ఆ తరువాత దానిని సానరాతి మీద రాయాలి. మెరుగుమందు పూసిన తోలుపట్టీ మీద వెనుకకు లాగుతూ నునుపు చేయాలి. తోలును కోసే కత్తికి తోలే మెరుగు పెట్టడం ఈ వృత్తిలోని అందమైన పరస్పర సహకారం. పనికి కూర్చొనే ముందు పది నిమిషాలు పదును పెట్టుకొనే అలవాటు లేనివారికి ఎన్ని పనిముట్లున్నా లేనట్లే. కొన్న పనిముట్టు అంగడిది. పదును పెట్టుకొన్న పనిముట్టే మనది.

ఈ సత్యానికి సాక్ష్యం కోసం దూరం పోనక్కరలేదు. శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులున్నారు. వారిలో ఒకరైన దళవాయి చలపతిరావును 2020లో పద్మశ్రీ వరించింది. అక్కడ మేకతోలును శుభ్రపరచి, వెలుగు చొచ్చుకుపోయేటంత పలుచన చేసి, బొమ్మ గీసి, చిన్న చిన్న ఉలులతో తూట్లు కొడతారు. తెర వెనుక దీపం వెలిగినప్పుడు ఆ తూట్లే సీతమ్మ మెడలో నగలై మెరుస్తాయి. నగకు ఏ ఆకారం కావాలో ఆ మొన గల ఉలే చేతికి వస్తుంది. పని ముందు, పనిముట్టు తరువాత. తోలులో ఒకసారి పడిన తూటును పూడ్చడం సాధ్యం కాదు కనుక చేతికి కుదురు, మనసుకు నిలకడ అలవడక తప్పదు.

బజారు మూలన గొడుగు నీడలో కూర్చున్న చర్మకారుని ముందున్న సాధనాలు కూడా పట్టుమని పది ఉండవు. వాటి పిడులు అరచేతి ఒత్తిడికి అరిగి ఉంటాయి. అభిరుచితో నేర్చుకొనేవారికి అంతకన్నా మంచి పాఠశాల దొరకదు. అతడు ఆరెను ఏ కోణంలో పట్టాడో, దారానికి మైనం ఎలా పట్టించాడో గంటసేపు శ్రద్ధగా చూస్తే ఎంతో బోధపడుతుంది. అయితే ఆ గంటకు అతనికి తగిన ప్రతిఫలం ఇవ్వడం శిష్యధర్మం.

ఇక్కడే నేటి సమాజం తనను తాను ప్రశ్నించుకోవాలి. చదువుకున్న యువకుడు కుట్టిన డబ్బుసంచిని చూసి బంధువులు కళ అని మెచ్చుకొంటారు. అదే కుట్టును చెప్పుకు వేసిన చర్మకారునితో ఐదు రూపాయలకు బేరమాడతారు. తోలు అదే, దారం అదే, ఓర్పు అదే. చేతులు మారగానే విలువ మారితే ఆ మెచ్చుకోలు కళకు దక్కినది కాదు, పుట్టుకకు దక్కినది. అభిరుచి పేరుతో ఈ విద్యను స్వీకరించి, వృత్తిగా బ్రతికించినవారిని చిన్నచూపు చూడడం గురువును మరచి విద్యను దొంగిలించడమే.

అందువల్ల తోలుపని నేర్వదలచిన విద్యార్థి ముందుగా ఒక వస్తువును నిశ్చయించుకోవాలి. దానికి తగిన తోలును, ఆ తోలుకు తగిన నాలుగు పనిముట్లను ఎంచుకోవాలి. అవి చేతికి పూర్తిగా వశమైన తరువాతనే ఐదవదానిని కొనాలి. తన వేలికి సూది గుచ్చుకొన్నప్పుడు, తన కుట్టు వంకర పోయినప్పుడు, ఇదే పనిని జీవితమంతా చేసినవారి నేర్పు ఎంతటిదో అతనికి అర్థమవుతుంది. ఆ అవగాహన కలిగిన చేయి మరెన్నడూ చెప్పు కుట్టే మనిషితో బేరమాడదు. తోలుకు తంగేడు చెక్క పదును ఇస్తుంది, కత్తికి సానరాయి పదును ఇస్తుంది. మనిషికి ఆ పదును శ్రమ పట్ల గౌరవం వల్లనే కలుగుతుంది.