గడ్డికి నిప్పు పెట్టకండి

కోతలు మొదలయ్యాక మనుబోలు చుట్టుపక్కల ఏ గట్టున నిలబడ్డా ఒకటే తీరు. మిషను వడ్లు రాల్చి పోతుంది, గడ్డి మడిలోనే పడి ఉంటుంది. నాలుగు రోజులాగి రైతు అగ్గిపుల్ల గీస్తాడు.

కూలీలు దొరకరు, మిషను తప్పదు. అందులో రైతును తప్పుపట్టేదేమీ లేదు. కానీ కొడవలి కోతల కాలంలో వడ్లతోపాటు గడ్డీ ఇంటికొచ్చేది, వామి పడేది. ఇప్పుడు వడ్లే వస్తున్నాయి. రోహిణి కార్తె నాటికి అదే రైతు గడ్డి కోసం ఊరూరా తిరుగుతాడు. దొరక్కపోతే పాలిచ్చే బర్రెను సంతకు తోలుతాడు. అది మడిలో నిప్పు పెట్టినరోజే అమ్ముడైందన్నమాట!

గింజా గొడ్డూ ఒకదాన్నొకటి మోసుకొచ్చేవే. పెద్ద పచ్చికబయళ్లున్న అర్జెంటీనాలో కూడా ఒకప్పుడు కొన్నేళ్లు గోధుమ పండించి, తర్వాత అదే నేలలో లూసర్న్ వేసి పశువుల్ని మేపేవారు. మన కోస్తా నుంచి బ్రెజిల్ చేరిన ఒంగోలు జాతి గొడ్లు అక్కడ నెలోర్ పేరుతో కోట్లకు పెరిగాయి. పేరు మనది, మేత వాళ్లది. ఇక్కడ కొట్టాలు ఖాళీ!

ఏం చేయాలంటారా? నలుగురు రైతులు కలిసి బేలర్‌ను మాట్లాడుకోండి. గడ్డి చుట్టలు కట్టించి, వాన తగలని చోట వేసుకోండి. వట్టి వరిగడ్డిలో బలం తక్కువ. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలుపొరలుగా చల్లి తొక్కండి. గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు ఉంచండి. తీసిన గడ్డిని ఘాటు పోయేదాకా ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఆరు నెలల్లోపు దూడలకు పెట్టవద్దు. యూరియా నీళ్లు పశువు నోటికి అందనీయవద్దు, ప్రాణానికే ముప్పు.

మడిలో పదును ఉండగానే పిల్లిపెసర చల్లితే పచ్చిమేతా దొరుకుతుంది, నేలకూ సత్తువ. అయితే కోతలవగానే గొడ్లను వదిలేస్తే మొలక మిగలదు. ఫలానా తేదీ దాకా ఎవరూ వదలకూడదని ఊరంతా ఒక్కమాట మీద ఉండాలి. మేత కోసుకున్నాక గొర్రెల మంద కట్టిస్తే ఎరువు ఖర్చూ కొంత తగ్గుతుంది.

ఎకరా, అరెకరా రైతుకు వడ్ల డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లే. పాల డబ్బు వారం వారం. ఆ డబ్బు నిలిచేది గడ్డి మీదే. ఈసారి అగ్గిపెట్టె ఇంట్లోనే ఉంచి పొలానికి పోండి.