ఎవరికండీ ఈ సర్‌ప్రైజ్?

పెళ్ళిరోజున భార్యని ‘సర్‌ప్రైజ్’ చెయ్యడం మగవాళ్ళకి ఈమధ్య పట్టుకున్న ముచ్చట. నేను దానికి బద్ధవిరోధిని సుమండీ!

మొన్న మా ఇరవైరెండో పెళ్ళిరోజు. మావారు పొద్దున్నే పాతబస్తీకి బయల్దేరదీశారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో, 1876లో మొదటి సాలార్‌జంగ్ కొన్న మేలిముసుగు రెబెక్కాని చూశాం. పాలరాతిలో అంత పల్చటి ముసుగు చెక్కిన ఆ బెంజోనీకి దండం పెట్టొచ్చు. లాడ్‌బజార్లో లక్కగాజులు నేనే ఏరుకున్నాను, నేనే బేరమాడాను. ఆ గంటసేపే నా పెళ్ళిరోజు. ఇక ఇంటికెళ్ళి ఇంత పెరుగన్నం తిని నడుం వాల్చాలని ప్రాణం కొట్టుకుంటోంది.

సాయంత్రం కళ్ళు మూసుకోమన్నారు. తెరిస్తే హోటల్లో పదహారుమంది, అందరూ ఆయన ఆఫీసువాళ్ళే! నలిగిన చీర, రేగిన జుట్టు, కాళ్ళనిండా దుమ్ము. అయినా నవ్వాను. నవ్వకపోతే ‘ఇంత ఖర్చుపెడితే ఆ మొహం చూడు’ అంటారుగా! వంకాయ నాకు పడదు. ఇరవైరెండేళ్ళుగా ఆయన కోసం వండుతూ చెబుతూనే ఉన్నాను. బగారా బైంగన్ సరిగ్గా నా ముందే పెట్టించారు.

‘పాపం, ప్రేమతోనే కదా’ అంటారా? కాదనను. కానీ పై ఆఫీసరుని భోజనానికి పిలిస్తే ఆయనేం తింటారో ముందు కనుక్కుంటారే! పెళ్ళాన్ని అడగడానికి మాత్రం నామోషీ ఎందుకట?

ఆ మాటే అడిగాను. ‘అడిగితే ఇంకేం సర్‌ప్రైజోయ్?’ అన్నారు మావారు.