ఊరిలో మైనారిటీ, వీధిలో మెజారిటీ

మైనారిటీ అన్న మాటకు అర్థాన్ని మనం సాధారణంగా జనాభా లెక్కలలో వెదుకుతాము. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలు సుమారు 9.5 శాతం. అటువంటి అంకెలను చేతబట్టుకొనియే మన సమాజం విద్యలో, ఉద్యోగాలలో వాటా అడిగింది; 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. ఈ పోరాటం న్యాయమైనది, ఇంకా ముగియనిది. అయితే మైనారిటీతనం అంకెతోనే నిర్ణయమయ్యేది కాదు. మనిషి నిలబడిన చోటును బట్టి అది మారుతుంది. ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఏళ్ళకు పైగా అంకెలు కూడుతూ గడిపిన మాకు ఈ చిన్న సంగతి పదవీ విరమణ తరువాత గాని బోధపడలేదు.

మేము పుట్టి పెరిగినది మాచర్లలో. చెన్నకేశవస్వామి కోవెల ఉన్న ఊరు, బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని తరతరాలుగా చెప్పుకునే ఊరు. తిరునాళ్ళకు మేమూ వెళ్ళాము. పీర్ల పండుగకు ఊరంతా మా వీధికి వచ్చింది. కాని బడిలో మా తరగతి మొత్తానికి మావాళ్ళము ముగ్గురమే. ఒక మిత్రుని ఇంటి అరుగు మీద మాకు మంచినీళ్ళు ఇచ్చే గ్లాసు వేరుగా ఉండేది. 1971 యుద్ధపు రోజులలో పక్క బల్ల మీది పిల్లవాడు “మీవాళ్ళు ఓడిపోయారు” అన్నాడు. ఎవరు మావాళ్ళు? ఆ ప్రశ్నకు జవాబు తెలియక ఇంటికి వచ్చి ఏడ్చాము. అదే బడిలో శుక్రవారం నమాజు వేళకు మేము అడగకుండానే పంపించిన మాస్టారు కూడా ఉన్నారు. రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండవది దాచితే అది సాక్ష్యం కాదు.

మసీదు వెనుక ఉన్న మా వీధి మలుపు తిరిగితే మాత్రం ఊపిరి కుదుటపడేది. అక్కడ అందరూ మావాళ్ళే. ఒక ఇంట మరణం సంభవిస్తే మూడు రోజులు ఆ ఇంట పొయ్యి రాజేయనిచ్చేవారు కాదు. ఇరుగుపొరుగు ఇళ్ళ నుండి అన్నం వచ్చేది. రంజాన్ నెలలో సహరీకి ఒకరినొకరు తలుపు తట్టి లేపుకునేవారు. ఏ ఇంటి పిల్లవాడు తప్పు చేసినా ఏ చాచా అయినా చెవి మెలిపెట్టవచ్చు. అటువంటి వీధిలో పెరగడం ఒక భాగ్యమని ఈనాటికీ అంటాము.

కాని ఆ వీధి అందరికీ ఒకే విధంగా నీడనివ్వలేదు. చివరి ఇంట ఒక దూదేకుల కుటుంబం ఉండేది. తండ్రి భుజాన విల్లు వేసుకొని ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులు కుట్టేవాడు. ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. ఉర్దూ రాదని వారి పిల్లవాణ్ణి మేమంతా కలసి వెక్కిరించేవాళ్ళము. మసీదులో అతడి తండ్రి మా తండ్రి పక్కనే, ఒకే వరుసలో నిలబడేవాడు. పెళ్ళి సంబంధాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ వరుస చెదరిపోయేది. ఊళ్ళో మేము దేనికి నొచ్చుకున్నామో, వీధిలో సరిగ్గా దానినే అతడికి చేశాము. అప్పుడు పిల్లలము. పెద్దయ్యాక చేసిన దానికి ఆ సాకు కూడా లేదు.

కొన్నేళ్ళ క్రితం మా వీధిలో ఒక ఇల్లు ఖాళీ అయింది. ఒక దళిత క్రైస్తవ ఉపాధ్యాయుడు భార్యాబిడ్డలతో చూడడానికి వచ్చాడు. ఇంటి యజమాని ఒప్పుకున్నాడు. మరునాడు నలుగురు పెద్దలు వెళ్ళి, “మన వీధిలో ఇంతవరకు ఆ అలవాటు లేదు” అని నచ్చచెప్పారు. ఆ నలుగురిలో మేము ఒకరము. మేము ఏమీ మాట్లాడలేదు; మాట్లాడకపోవడమే మేము చేసిన పని. ఆ ఉపాధ్యాయుడు కోపగించుకోలేదు. “సరే సాయిబుగారూ, మీకు ఇబ్బంది అయితే వద్దులెండి” అని కొడుకు చేయి పట్టుకొని వెళ్ళిపోయాడు. బదిలీ మీద వెళ్ళిన ఒక ఊళ్ళో, మా పేరు వినగానే ఇల్లు లేదన్న యజమానితో దాదాపు ఇదే మాట అని, ఇలాగే తిరిగి వచ్చాము మేము. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 1830లో పుట్టిన మోర్మన్ క్రైస్తవుల చరిత్ర చూడండి. 1838లో మిస్సోరి రాష్ట్ర గవర్నరు వారిని రాష్ట్రం నుండి వెళ్ళగొట్టాలి, లేదా నిర్మూలించాలి అని ఆజ్ఞ జారీ చేశాడు. 1844లో వారి ప్రవక్తగా భావించబడే జోసెఫ్ స్మిత్‌ను జైలులోనే మూక చంపింది. మిగిలినవారు వెయ్యి మైళ్ళకు పైగా ప్రయాణించి 1847 నుండి యూటా ప్రాంతానికి చేరి ఊళ్ళు కట్టుకున్నారు. ఆ ఆజ్ఞను మిస్సోరి అధికారికంగా రద్దు చేసుకున్నది 1976లో! అంతటి హింసను చవిచూసినవారే యూటాలో మెజారిటీ అయ్యారు. అక్కడి చిన్న పట్టణాలలో బడి స్నేహాలు, ఆటలు, వేడుకలు అన్నీ చర్చి చుట్టూ అల్లుకొని ఉంటాయి. లోపలివారికి అది పెద్ద ఆసరా. చర్చికి చెందని ఇంటి బిడ్డకు, లేదా విశ్వాసంపై సందేహం కలిగిన సొంత బిడ్డకు, అదే ఊరు ఒంటరితనం. మళ్ళీ మన హైదరాబాదులో వారు గుప్పెడు మంది మాత్రమే. ఒకే మతం వారు ఒకచోట గోడ, ఇంకొకచోట గోడకు బయట నిలబడినవారు.

మన చరిత్రలో దీనికి మార్గం చూపబడలేదా? మక్కాలో హింసకు గురైన తొలి ముస్లింలకు హబషా దేశపు క్రైస్తవ రాజు నజాషీ ఆశ్రయమిచ్చాడు. తరువాత మదీనాలో బలం చేకూరినప్పుడు ప్రవక్త (స) యూదులతో సహా అక్కడి తెగలన్నిటితో ఒడంబడిక చేసుకొని, ఎవరి ధర్మం వారికేనని అంగీకరించారు. ఆశ్రయం పొందినవారే ఆశ్రయమివ్వవలసిన వంతు వచ్చినప్పుడు చేసిన పని అది. పొరుగువారి హక్కును గూర్చి మన మసీదులలో ఎన్ని ప్రసంగాలు విన్నాము! ఆ పొరుగువాడు నమాజీ అయి ఉండాలన్న షరతు అందులో లేదు.

“ఊళ్ళో మనకు ఇల్లు ఇవ్వనప్పుడు, ఉన్న ఒక్క వీధినీ తెరిచేస్తే మనకేమి మిగులుతుంది?” అని పెద్దలు అడుగుతారు. ఆ భయం నిరాధారం కాదు. అభద్రత వల్ల, ఇళ్ళు దొరకకపోవడం వల్ల ముస్లింలు ఒకేచోట గుమిగూడవలసి వస్తున్నదని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక కూడా నమోదు చేసింది. ఇళ్ళు నిరాకరించే వివక్షపై చట్టబద్ధమైన రక్షణ కోసం మనం అడుగుతూనే ఉండాలి. కాని మన వీధిలో అదే నిరాకరణ సాగిస్తూ అధికారి ముందు అర్జీ పెడితే, ఆ అర్జీలో బలమెక్కడిది? పైగా తనవంటివారిని తప్ప ఎవరినీ ఎరుగకుండా పెరిగిన బిడ్డ కాలేజీలోనో ఉద్యోగంలోనో నలుగురిలో నిలబడినప్పుడు తడబడతాడు. వీధి పెద్దల చూపుకు వెరచి చదువు మానుకున్న ఆడపిల్లలు మనకు తెలియనివారు కారు.

కనుక జమాత్ పెద్దలకు మా విన్నపం ఇది. ఇల్లు అద్దెకిచ్చే విషయంలో యజమాని ఇష్టానికి వీధి అడ్డుపడరాదు. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలను మసీదు కమిటీలలో సభ్యులుగా కూర్చోబెట్టాలి. సంబంధాల మాట వచ్చినప్పుడు ముఖం తిప్పుకోవడం మానాలి. ప్రశ్న అడిగిన యువకుణ్ణి, పై చదువు కోరిన ఆడపిల్లను వీధికి జవాబుదారులుగా నిలబెట్టరాదు. వీటికి నిధులు అక్కరలేదు, ప్రభుత్వ ఉత్తర్వులు అక్కరలేదు.

ఆ ఉపాధ్యాయుడు పట్టణంలోనే మరొకచోట ఉంటున్నారని తెలిసి, కొన్ని నెలల తరువాత వెళ్ళి క్షమించమని అడిగాము. ఆయన కుర్చీ వేసి టీ ఇప్పించారు. తమ ఇంట అందరూ తాగే గ్లాసులోనే ఇచ్చారు. ఆయన కొడుకు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రాకుండా మమ్మల్ని చూస్తూ ఉన్నాడు. ఆ చూపు మాకు తెలుసు. యాభై ఏళ్ళ క్రితం మాచర్ల బడిలో మేము చూసిన చూపే అది.