ఎర్ర కవర్ల పెట్టెకు కావలి

సింగపూరులో చీనావారి పెళ్ళివిందుకు పోయినవారికి ముందుగా ఎదురయ్యేది ఒక బల్ల. వధూవరుల దర్శనము తరువాతి మాట. హోటలులో విందుశాల వాకిటికి ఇవతల, ఎర్రని గుడ్డ పరచి, పూలగుత్తులు పేర్చి, నవదంపతుల ఛాయాచిత్రములు నిలబెట్టిన ఆ బల్ల వెనుక వరుని పక్షమువా రొక ప్రక్కను, వధువు పక్షమువా రొక ప్రక్కను ఆసీనులై, వచ్చినవారి పేరడిగి, పట్టికలో వెదకి, ఫలానా అంకె గల బల్ల మీదని చెప్పి, వారు రెండు చేతులతో అందించిన ఎర్ర కవరును తామును రెండు చేతులతోనే అందుకొని, ప్రక్కనున్న పెట్టె మూతలోని సన్నని సందులో జారవిడుస్తారు. ఆ కవరును అక్కడ ఆంగ్‌పావ్ అంటారు. మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకము ముందు పెట్టుకొని కూర్చునే మేనమామగారి ఉద్యోగమే ఇది. కాకపోతే మన మేనమామ ఎవరెంత చదివించినదీ పందిరి నాలుగు మూలలకూ వినబడేటట్టు చాటుతాడు, ఇక్కడ మాత్రము కవరు అంటించి ఉంటుంది గనుక అందులో ఎంతున్నదీ ఆ రాత్రి పెట్టె తెరిచేదాకా ఇచ్చినవానికీ దేవునికీ తప్ప మూడోవాడికి తెలియదు.

ఆ ఎంత అనేదే ఈ ముచ్చట కంతకూ మూలము. బల్లకు పదిమంది చొప్పున కూర్చుండబెట్టుట సింగపూరు ఆచారము. ఒక మోస్తరు విందుకు ముప్పది బల్లలని వేసుకొనండి, మూడువందలమంది. మంచి హోటలులో ఒక్కొక్క బల్లకు 1000 సింగపూరు డాలర్లకు పైబడియే పుచ్చుకుంటారు. అతిథి అయినవాడు తాను కూర్చున్న చోటి ఖరీదైనా కవరులో పెట్టకపోతే మర్యాద కాదని ఎంచుతారు గనుక, ఏ హోటలుకు ఎంత, శనివారపు రాత్రి కెంత, పగటి విందు కెంత అని ఏటేటా పట్టికలు తయారై చేతులు మారుతూనే ఉంటవి. తలకు నూరు డాలర్లే అనుకొన్నా 30,000 డాలర్లు, అదియు రొక్కము, ఒక చిన్న పెట్టెలో, ఎవరైనా నడిచిపోగల వసారాలో! నాలుగు అంకె వారి భాషలో మరణమును స్ఫురింపజేస్తుందని వర్జిస్తారు, ఎనిమిదిని అదృష్టమని వరిస్తారు, సరిసంఖ్యలోనే పెడతారు, వీలైనంతవరకు కొత్త నోట్లే వెదకి తెస్తారు. ఇంతటి నియమనిష్ఠలతో చేరిన ఆ ధనమును కాపాడే నియమము మాత్రము చాలా ఇళ్ళలో "మన చిన్నత్త అక్కడే కూర్చున్నదిలే" అనునంతవరకే ఉంటుంది.

చిన్నత్త ఎప్పుడు లేచిపోతుందన్నదే ప్రశ్న. శుభలేఖలో ఏడుగంటలని అచ్చువేస్తారు. ఎనిమిదైతే గాని మొదటి వంటకము బల్లమీదికి రాదని పిలిచినవారికీ తెలుసు, వచ్చేవారికీ తెలుసు. ఆ గంటసేపూ ఆ వాకిలి కిటకిటలాడుతుంది గనుక అప్పుడు దొంగకు పని లేదు. జనము లోపలికి పోయి కుదురుకొన్న తరువాత, శాలలో దీపములు ఒక్కసారిగా తగ్గి, వాద్యఘోష మొదలై, తలుపులు బార్లా తెరుచుకొని, వధూవరులు చేయి చేయి పట్టుకొని వెలుగు వెంట లోనికి నడిచివచ్చే ఆ రెండు మూడు నిమిషములున్నవే, ఆ సమయమున బల్ల వెనుకనుండవలసిన మరదళ్ళు, చెల్లెళ్ళు, చిన్నత్త, అందరూ సెల్‌ఫోనులు పైకెత్తి గుమ్మములో మునివేళ్ళమీద నిలబడి ఉంటారు. పాపము, వారు పెళ్ళి చూడ వచ్చినవారే గాని పెట్టె చూడ వచ్చినవారా? పైగా ఆ ప్రవేశము ఒక్కసారితో పోదు. నాలుగైదు వంటకములైన పిమ్మట పెళ్ళికూతురు దుస్తులు మార్చుకొని రెండవసారి వస్తుంది; మళ్ళీ దీపములు తగ్గుతవి, మళ్ళీ చిన్నత్త గుమ్మము చేరుతుంది.

ఇక దొంగ వేషము చూడండి. కోటు తొడిగి, తల దువ్వి, చేత ఒక ఎర్ర కవరు పట్టుకొని వచ్చినవానిని వధువు పక్షమువారు వరుని బంధువనుకుంటారు, వరుని పక్షమువారు వధువుకు పినతండ్రి కాబోలు ననుకుంటారు. ఇరువురూ చిరునవ్వు నవ్వి ఊరకుంటారు. "అయ్యా, తమరెవరు?" అని అడగడమంత అపచారము శుభకార్యములో మరొకటి లేదు గదా! అడగబడ్డవాడు తీరా నిజమైన పినతండ్రే అయినచో ఆ మాట మనుమల కాలమునకు గూడ మానదు. దొంగ ఆ మర్యాదనే నమ్ముకొని వస్తాడు.

హాంగ్‌కాంగులో ఈ బెడద మరొక రూపము ధరించినది. అక్కడ బల్లకు పన్నెండుగురు; సాయంకాలమంతా చుట్టాలు మాజాంగు పలకలు టకటకలాడిస్తూ ఆటలో మునిగి ఉంటారు, ఎప్పుడో రాత్రి పడిన తరువాత గాని భోజనము లేదు. అక్కడ నగదుకు తోడు పెళ్ళికూతురి ఒంటిమీది బంగారము గూడ తక్కువేమీ కాదు. పెద్దలు పెట్టిన కడియములు, ఒకదానిమీద మహాసర్పమువంటి డ్రాగనును, మరొకదానిమీద ఫీనిక్సు పక్షిని చెక్కినవి, జతలు జతలుగా ముంజేతులు నిండి ఉంటవి; మెడలో తల్లిపంది, పిల్లలతో సహా, బంగారు పతకమై వ్రేలాడుతుంటుంది, సంతానసమృద్ధి కలగాలని దీవెన. నవ్వకండి, ఆ పతకము తూకము చూస్తే నవ్వు ఆగిపోతుంది. ఆమె జరీపని ఎర్ర దుస్తులు విడిచి గౌను తొడిగే వేళ ఆ సొత్తంతా ఒలిచి అలంకరణ గదిలో అద్దము ముందు పెట్టి పోతుంది. ఆ గదిలోనికి ముఖాలంకరణ చేసేవారు, ఫోటోలవారు, పూలవారు, తోడిపెళ్ళికూతుళ్ళు, వారిని వెదుక్కుంటూ వచ్చేవారు, ఎవరికివారే సొంత ఇంటివలె వచ్చిపోతూంటే తాళము వేయుటెప్పుడు? పెళ్ళివిందులలో నగదును నగలను దిక్కులేకుండ వదలిపోవద్దని, నమ్మకస్తుని ఒకనిని అందుకే నియమించుకొనవలెనని ఆ నగరపు పోలీసులు హెచ్చరించడము కద్దు.

చిత్రమేమంటే, పెళ్ళినాటి కావళ్ళన్నిటిలో కట్టుదిట్టమైనది ఉదయమే జరిగిపోతుంది. వరుడు స్నేహితులను వెంటబెట్టుకొని వధువు ఇంటికి రాగా, చెలికత్తెలు తలుపు బిగించుకొని నిలబడి, పాట పాడమందురు, దండీలు తీయమందురు, చేదూ పులుపూ కారమూ వడ్డించి కన్ను చెమర్చకుండ తినమందురు. చివరకు ఒక బరువైన ఆంగ్‌పావ్ తలుపు సందులోనుండి లోనికి జారితే గాని, అదియు బేరమాడి బేరమాడి తొమ్మిది అంకెల మొత్తము తేలితే గాని, గడియ తీయరు. తొమ్మిది అంకెలంటే కోట్లు కావు సుమండీ. 99 అనో 999 అనో అన్నీ తొమ్మిదులే రావలెనని వారి పట్టుదల. కండలు తిరిగిన కుఱ్ఱవాండ్రను పిడికెడుమంది ఆడపిల్లలు అంతసేపు వాకిట నిలబెట్టగలిగినప్పుడు అదే పిల్లలు రాత్రి ఒక పెట్టెను కాయలేకపోవుట ఏమి? కారణము ఉన్నది. పొద్దున ఆపవలసినవాడెవడో వారికి తెలుసు, రాత్రి తెలియదు.

డబ్బిచ్చి కావలి పెట్టుకొనుట సింగపూరు చీనా గృహస్థులకు కొత్తయు గాదు. ఇంగ్లీషువారి ఏలుబడిలో సింగపూరు బ్యాంకుల ముందు, గిడ్డంగుల ముందు, ధనికుల భవనముల ముందు నులకమంచము వాల్చుకొని రాత్రులు గడిపే శిక్కు కావలివాండ్రు నగరమంతటా ప్రసిద్ధులు, వారిని జాగాలనేవారు. ఆ కావలి మీద చీనా వర్తకుల కెంత గురి అంటే, 1922లో తెరచి 1973లో మూసిన బుకిట్ బ్రౌన్ అనే చీనా శ్మశానవాటికలో కొందరు సంపన్నుల సమాధులకు ఇరుప్రక్కల తలపాగాలతో, గడ్డములతో శిక్కు కావలివాండ్ర విగ్రహములు నేటికిని నిలిచి ఉన్నవి. కన్నుమూసినవానికి సైతము పంజాబు కావలి కావలసి వచ్చినప్పుడు కొడుకు పెండ్లికి కావలి అడుగుట అతిశయమా?

సింగపూరులో మా పొరుగింటి ఆవిడ కొడుకు పెళ్ళికి కావలి మనిషిని కుదుర్చుకొనేటప్పుడు నన్ను గూడ పిలిచి కూర్చోబెట్టినది. కావలి సంస్థనుండి వచ్చిన సూపర్‌వైజరు నెరిసిన మీసముల తమిళుడు. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"ఎంతమంది కావాలి, మేడమ్?"

"నలుగురిని... అయ్యో, నలుగురు వద్దు, ముగ్గురో అయిదుగురో పంపండి."

"ఒక్కడు చాలు. పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?"

"మా ఆడపడుచు దగ్గర."

"ఆవిడ ఎక్కడ కూర్చుంటారు?"

"మాతోపాటు ముందు బల్ల దగ్గర. ఇంకెక్కడ కూర్చుంటుంది?"

"యామ్ సెంగ్‌కి లేచి తిరుగుతారా?"

"తిరక్కపోతే ఎట్లా!"

యామ్ సెంగ్ అంటే తెలియనివారికి ఒక మాట. గ్లాసులు పైకెత్తి, ఊపిరి ఉన్నంతవరకు "యా...మ్" అని సాగదీసి, చివర "సెంగ్" అని కొట్టి త్రాగుట, ఎంత సాగితే దంపతులకు అంత శుభము. ఆ కోలాహలములో గ్లాసుమీద తప్ప దేనిమీదను ఎవరి దృష్టియు నిలువదు. మీసాలాయన ఒక క్షణము ఆలోచించి, తాళంచెవి మెడలో గొలుసుకు వేసుకొమ్మనండి అన్నాడు. తన మనిషికి యూనిఫారము వద్దనీ, నల్లకోటు తొడిగి పంపుతాననీ, వాడు తలుపు దగ్గర గాక బల్ల చివర నిలబడతాడనీ, ఎవరినీ ఏమీ అడగడనీ, పెట్టె కదిలితే వాడు కదులుతాడనీ, పెట్టె ఉన్నంతసేపు దీపాలారినా ఆకాశము విరిగిపడినా వాడు శాలలోనికి తల త్రిప్పడనీ చెప్పాడు.

"అయితే దొంగను పట్టుకోడా?" అన్నది ఆవిడ, కొంత నిరాశతో.

"దొంగ రాకుండా ఉండడానికి వాడు. పట్టుకోడానికి పోలీసులున్నారు."

ఆ మాట అక్షరాలా నిజము. సింగపూరులో కావలిపని చేసేవారు, వారిని పంపే సంస్థలును 2007 నాటి ప్రైవేటు భద్రతా పరిశ్రమ చట్టము క్రింద లైసెన్సు పొంది తీరవలె. కాని లైసెన్సు ఉన్నంత మాత్రాన అతిథి సంచి బలవంతముగా విప్పి చూచే హక్కు గాని, సామాన్య పౌరునికి లేని అధికారము మరొకటి గాని వానికి రాదు. అంతకు మించి కావలెనంటే అధికారములు గల సహాయక పోలీసులను అద్దెకు తెచ్చుకొనవచ్చును. నడుమున తుపాకీతో వారు ఆంగ్‌పావ్ పెట్టె ప్రక్క నిలబడితే పెట్టె క్షేమమే గాని, విందు సంగతి చెప్పలేము.

నా మట్టుకు నాకు ఆ తమిళుని పద్ధతియే నచ్చినది. తెచ్చుకొన్న మనిషికి ముఖములు తెలియవు. చిన్నత్తకు ముఖములు తెలుసును గాని స్థిరముగా కూర్చోలేదు. వాడు పెట్టెను చూడవలె, ఆమె మనుషులను చూడవలె. చాలామంది ఈ రెండు పనులును కావలివాని నెత్తిన పెట్టి, వాడు ఎవరో మేనత్త కొడుకును అడ్డగించేసరికి గగ్గోలు పెడతారు. మరికొందరు, అసలు ప్రమాదము విందుశాలలోనే ఉన్నదనుకొని, పెట్టెను పైఅంతస్తులోని పెళ్ళివారి గదికి చేర్చే బాధ్యత ఒక పదునాలుగేండ్ల పిల్లవానికి అప్పగిస్తారు. లిఫ్టులో వానితోబాటు ఎవరెవరు ఎక్కుతారో ఎవరికెరుక?

అయితే పోయేది డబ్బు మాత్రమే అయితే ఇంత ఆరాటము అక్కరలేదేమో. విందయిన రాత్రి కుటుంబమంతా మంచముమీద కవర్లు గుమ్మరించుకొని, ఒకరు చింపుతూ, ఒకరు లెక్కపెడుతూ, ఒకరు పుస్తకములో పేరూ మొత్తమూ వ్రాస్తూ కూర్చుంటారు. రేపు ఆ ఇచ్చినవారి ఇంట పెండ్లి అయినప్పుడు వీరు అంతకు తగ్గకుండ ఇచ్చుకొనవలె గనుక ఆ పుస్తకము ఏండ్ల తరబడి భద్రముగా ఉంటుంది. పెట్టె పోయినదా, రొక్కముతోబాటు ఆ లెక్క గూడ పోయినట్లే: ఎవరు ఉదారులు, ఎవరు పిసినారులు, ఎవరికి ఎంత ఋణపడినాము, ఏమీ తెలియదు. ఇచ్చినవారిని మీరెంత ఇచ్చారని అడుగవచ్చునా? వారైనా మళ్ళీ ఇవ్వవలెనా, ఊరకుండవలెనా? వాకిట అందుకొన్నప్పుడే కవరు వెనుక వరుస అంకె వేసి, అదే అంకె పేరు ప్రక్కను వ్రాసుకొంటే రాత్రి లెక్క సుళువే గాని, ఎంత ఇచ్చారన్నది మాత్రము కవరుతోనే పోతుంది. 2017లో ఆ దేశమున పేనౌ అనే ఫోనుద్వారా డబ్బు పంపే ఏర్పాటు వచ్చిన తరువాత కొందరు కుఱ్ఱకారు బల్లమీద క్యూఆర్ ముద్ర ఒకటి నిలబెడుతున్నారు. పేరు, మొత్తము వాటంతటవే నమోదవుతవి, దోచుకొనుట కేమీ ఉండదు. ముసలివారు మాత్రము దానివంక ఒకసారి చూచి, చేతిసంచిలోనుండి ఎర్ర కవరే తీస్తారు. ఇవ్వడమంటే రెండు చేతులూ ఆడవలె గదా.

ఇక కావలివాని భోజనము సంగతి. ఫోటోలవారికీ పాటగాండ్రకూ వేరే బల్ల ఒకటి వేస్తారు. ఇతడు మాత్రము పెట్టెను విడిచి కూర్చోలేడు గనుక ఒక పళ్ళెములో నాలుగు వంటకములు సర్ది వసారాలోనికే పంపవలె. పని ముగిసిన తరువాత అతని చేతను ఒక ఆంగ్‌పావ్ పెట్టుట మర్యాద; కాని దానిని పగలే సిద్ధము చేసి వేరుగా దాచుకొనవలె. మా పొరుగావిడ ఆ సంగతి మరచి, విందు చివర, వసారాలోనే, ఆడపడుచు మెడలోని గొలుసు అందుకొని పెట్టె తాళము తీయబోగా, అతడు అతివినయముగా మూతమీద చేయి వేసి, "గదిలోకి చేరేదాకా ఎవరినీ తెరవనివ్వొద్దన్నారు, మేడమ్" అన్నాడట.