ఒకే తీగపై మూడు సేవలు

విజ్ఞానశాస్త్రం ప్రసాదించిన సౌకర్యం దానంతట అదే అందరికీ మేలు చేయదు. అది ఎవరికి అందుతున్నది, ఏ షరతులతో అందుతున్నది అన్నదానిని బట్టి దాని విలువ నిర్ణయమవుతుంది. టెలివిజన్, ఇంటర్నెట్, సెల్‌ఫోన్ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్న నేటి కాలానికి ఈ మాట మరింతగా వర్తిస్తుంది.

మన దేశంలో ఈ మూడూ వేరువేరు దారుల్లో వచ్చాయి. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో టెలివిజన్ ప్రసారాలు ప్రయోగాత్మకంగా మొదలయ్యాయి. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు విద్యా, వ్యవసాయ కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. ఆ తరువాత 1995లో ఒక విశేషం జరిగింది. జులై 31న దేశంలో తొలి సెల్‌ఫోన్ సంభాషణ నడిచింది. ఆగస్టు 15న ఇంటర్నెట్ సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. ఆగస్టు 27న ఈటీవీ తెలుగు ప్రసారాలు మొదలయ్యాయి. నెల తిరగకుండానే మూడు ద్వారాలు తెరుచుకున్నాయి. అయితే అవి మూడూ ఒకే ఇంటిలోకి దారితీస్తాయని ఆనాడు ఊహించినవారు అరుదు.

ఆ కలయికకు ఆంధ్రప్రదేశ్‌లోనే చక్కని ఉదాహరణ ఉంది. విద్యుత్ స్తంభాల మీదుగా గాజుతీగను లాగి, దాని ద్వారా ఇంటర్నెట్‌ను, టీవీ చానళ్లను, టెలిఫోన్‌ను కలిపి అందించే ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేశారు. ఆనాడు ప్రకటించిన ప్రారంభ ధర నెలకు 149 రూపాయలు.

పాత టెలివిజన్‌ను దండోరాతో పోల్చవచ్చు. చాటింపు ఒక్కటే, వినేవారు ఎందరైనా కావచ్చు. ఎవరు విన్నారో దండోరా వేసేవానికి తెలియదు. ఇంటర్నెట్ ఉత్తరం వంటిది. అడిగినవారికే, అడిగినదే చేరుతుంది; ఎవరికి ఏది చేరిందో పంపినవారికి తెలుస్తుంది. టెలివిజన్ ఇంటర్నెట్‌లో కలవడమంటే దండోరా ఉత్తరంగా మారడమే. దీనివల్ల ప్రేక్షకుడు తనకు వీలైన వేళలో పాఠం వినగలడు, అర్థం కానిచోట ఆపి మళ్లీ వినగలడు, తన ప్రశ్నను తిరిగి పంపగలడు. ఒకనాడు కేవలం చూసినవాడు నేడు చూపించేవాడు కూడా అయ్యాడు. ఇది సామాన్యమైన లాభం కాదు.

కాని ఉత్తరం చేరాలంటే దారి ఉండాలి. ఈ సంగతి నర్సీపట్నం వద్ద స్పష్టంగా కనిపిస్తుంది. మైదానం ముగిసి మన్యం మొదలయ్యే గుమ్మం ఆ పట్టణం. అక్కడినుండి లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కే దారిలో కొండలు అడ్డువచ్చే కొద్దీ సిగ్నల్ సన్నగిల్లుతుంది. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషన్‌పై దాడి చేసిన అల్లూరి సీతారామరాజు పంపిన మిరపకాయ టపా నేటికీ ప్రజల నోట నిలిచి ఉంది. ఆ టపా నడిచిన నేలపై సెల్‌ఫోన్ మాట నడవడానికి దశాబ్దాలు పట్టింది. 2023 జూన్‌లో రాష్ట్రంలోని మారుమూల ప్రాంతాలకు 100 టవర్లను ప్రారంభించినప్పుడు వాటిలో అధికభాగం అల్లూరి సీతారామరాజు జిల్లాకే కేటాయించవలసివచ్చింది. కొరత ఎక్కడ ఎక్కువగా ఉన్నదో ఇందువల్లనే తెలుస్తున్నది.

2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు ఈ వ్యత్యాసం చదువుకు పరీక్షగా మారింది. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా, తెలంగాణలో యాదగిరి, టీ-శాట్ చానళ్ల ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. స్మార్ట్‌ఫోన్, డేటా ఉన్న ఇంటి బిడ్డకు ఆ పాఠాలు అదనపు సౌకర్యం. అవి లేని ఇంటి బిడ్డకు అవే తరగతి గది. డేటా ఖర్చు లేకుండా, టవరు అవసరం లేకుండా, ఉపగ్రహం నుండి నేరుగా చిన్న డిష్‌కు అందే ప్రసారం ఎంత విలువైనదో ఆనాడు తేలిపోయింది.

ఇక పాత ప్రసారాలతో పనిలేదని, అందరూ ఫోనులోనే చూసుకుంటారని కొందరు వాదిస్తారు. పట్టణాలకు ఇది నిజమే కావచ్చు. కాని చివరి గూడేనికి కొత్త దారి పడకముందే పాత దారిని మూసివేయడం న్యాయం కాదు. అంతేకాదు, ఒకే తీగపై అన్నీ ఆధారపడినప్పుడు ఆ తీగ తెగితే వార్త, పాఠం, పలకరింపు మూడూ ఒక్కసారే ఆగిపోతాయి. తుపానుల తీరమైన ఉత్తరాంధ్రకు ఈ ప్రమాదం కొత్తది కాదు. 2014లో హుద్‌హుద్ తుపాను స్తంభాలను నేలకూల్చిన నాటి అనుభవాన్ని మరువరాదు.

మూడు సాధనాల కలయికను కాదనడం అవివేకం. కలయిక పేరుతో లేనివారిని వదిలివేయడం అంతకంటే అవివేకం. ఉచిత ప్రసారాన్ని నిలుపుతూనే కొండకొసకు కొత్త తీగను చేర్చాలి. ప్రేక్షకుడు ఏమి చూస్తున్నాడన్న సమాచారం అతని అనుమతి లేకుండా వ్యాపారవస్తువు కాకుండా చట్టం కాపాడాలి. చేతిలోని తెరను ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో యువతరం తానే నిర్ణయించుకోవాలి. నర్సీపట్నంలోని విద్యార్థి విన్న పాఠాన్ని అదే రోజున మన్యంలోని విద్యార్థి కూడా వినగలిగినప్పుడే ఈ కలయిక సార్థకమవుతుంది.